సున్నా రోజు

అక్క చనిపోయిన బుధవారం నాడు ఆమె కత్తిరింపు బల్ల కింద పదకొండు గుడ్లు ఉన్నాయి. ఆ సంగతి అప్పుడు ఎవరూ ఎత్తలేదు. ఉదయం చొక్కా కాలరు కత్తిరిస్తూ కత్తెర పక్కన పెట్టి, ఒక్క నిమిషం కూర్చుంటానని కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళారు, ఆసుపత్రి నుంచి తీసుకొచ్చారు. ఆ సాయంత్రం కోళ్ళగూటికి గడియ వేసే మనిషి లేదు, వేయాలన్న మాట ఇంకెవరికీ గుర్తు రాలేదు, తెల్లారేసరికి పెరట్లో ఈకలు మిగిలాయి. ఐదు పెట్టలు, ఒక పుంజు. బూడిదరంగు మీద తెల్లచుక్కల కోళ్ళు. తొమ్మిదేళ్ళపాటు ఏరి ఏరి అక్క తయారుచేసుకున్న సంతతి అది, అలాంటివి ఇంకెవరి పెరట్లోనూ లేవు. వీధికుక్కలు చేసిన పని కాబట్టి ఎవరినీ ఏమీ అనడానికి కూడా లేకపోయింది. బల్ల కింద గుడ్లున్నాయన్న సంగతి శనివారం నాడు, జారిపడ్డ కళ్ళజోడు కోసం వంగినప్పుడు, చెల్లెలు టీచరమ్మ కంటబడింది.

ఇప్పుడు మూడు వారాల తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటలు. అక్క కుట్టుగది. కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉంది. బల్ల మీద గోడవారగా పొదిగే పెట్టె ఉంది, దాని ముందు ఎత్తుపీట మీద టీచరమ్మ కూర్చుని ఉంది. పెట్టె అంటే చేపలు సర్దే తెల్లటి థర్మాకోలు పెట్టె. మోటార్లకు తీగ చుట్టే బావ దానికి ఒక బల్బూ, పాడైన కంప్యూటర్లోంచి తీసిన చిన్న ఫ్యానూ, వేడి ఎక్కువైతే బల్బు ఆర్పి తగ్గితే వెలిగించే మీటా బిగించి, పటం కట్టే అద్దం ముక్కొకటి కిటికీలా అతికించి అక్కకిచ్చాడు. పెళ్ళయిన ఇరవై ఏళ్ళకి తన మొగుడు తనకిచ్చిన మొదటి కానుక చేపల పెట్టె అని అక్క వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఆ బావే ఇప్పుడు గుమ్మంలో నిలబడ్డాడు.

"నాలుగింటిదాకా చూస్తాను టీచరమ్మా. ఆ తర్వాత స్విచ్చి కట్టేస్తాను."

"ఇంకొక్క పూట చూద్దాం బావా."

"ఇరవై ఒకటో రోజని నువ్వే అన్నావు. పొద్దున్నించీ అదే మాట. ఒక్క పెంకయినా చిట్లిందా? ఆ ఫ్యాను చప్పుడు వింటుంటే నా బుర్ర పనిచెయ్యడం లేదు. తీసుకెళ్ళి పెరట్లో పాతేసి వస్తాను. నీకూ బడి ఉంది, నాకూ పని ఉంది."

ఆయన చెప్పులీడ్చుకుంటూ పెరట్లోకి వెళ్ళాడు. పార తీసుకుంటాడేమోనని టీచరమ్మ చెవి ఒగ్గి వింది. తీసుకోలేదు, రాతిపలక మీద కూర్చున్నట్టున్నాడు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. మూడు వారాలుగా ఆశపడడం ఆ మనిషికి చేతకావడం లేదు, అంతే. తొమ్మిది గుడ్లు మిగిలాయి పెట్టెలో. అవి కాస్తా పాతిపెడితే చుక్కల కోళ్ళు ఇక ఉండవు, అక్క తొమ్మిదేళ్ళ పనికి పెరట్లో ఒక్క ఆనవాలు కూడా ఉండదు. అద్దం లోపలివైపు తేమ పట్టి మసకగా ఉంది. చివరి మూడు రోజులూ రెండో గిన్నెతో నీళ్ళు పెట్టాలి, గాలి చెమ్మగా ఉండాలి, లేకపోతే లోపలి పొర ఎండి పిల్లకు అతుక్కుపోతుంది. ఆ చెమ్మే అద్దానికి పట్టింది. బయట ఎంత తుడిచినా లాభం లేదు, తుడవాల్సింది లోపల, లోపల తుడవాలంటే మూత తీయాలి, మూత తీయకూడదు. చిక్కంతా అదే. టీచరమ్మ రుమాలు మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

పొదగడం. ఎన్నేళ్ళు తెలుగు చెప్పినా ఈ మాట దగ్గర ఇంతసేపు ఆగలేదు. కోడి గుడ్లను పొదుగుతుంది, కంసాలి రాళ్ళను పొదుగుతాడు. రెండింటికీ ఒకటే మాట ఎందుకని ఏడో తరగతిలో ఒక పిల్ల అడిగితే, రెండూ జాగ్రత్తగా కూర్చోబెట్టే పనులే కాబట్టి, అని అప్పటికి ఏదో చెప్పి తప్పించుకుంది. ఇంటికొచ్చి అక్కకు చెబితే అక్క నోట్లోని గుండుసూదులు తీసి, బాగానే చెప్పావు, కానీ రాయి కదలకుండా కూర్చోవాలి, గుడ్డు కదులుతూ కూర్చోవాలి, అది కూడా చెప్పాల్సింది అంది. అక్షరాలు నాకు సరిపడవు, కొలతలు సరిపడతాయి అని ఐదో తరగతిలో బడి మానేసిన మనిషి. మాట మీద కొలతపట్టీ వేసినట్టు మాట్లాడేది. కదులుతూ కూర్చోవాలి. గుడ్డు ఒకే పక్కన పడుకుంటే లోపలి ప్రాణం ఒక పక్క పెంకుకి అంటుకుపోతుంది, అందుకని తిప్పాలి, రోజుకి మూడుసార్లో ఐదుసార్లో, ఎప్పుడూ బేసి. సరిసంఖ్య అయితే ప్రతిరోజూ పొద్దుపోయాక అదే పక్క మీద పడుకుంటుంది, మనుషులకే అలా పడుకుంటే మెడ పట్టేస్తుంది అనేది. ఏ పక్క తిప్పారో తెలియడానికి పెన్సిలుతో ఒకవైపు 'అ', రెండోవైపు 'క'. అచ్చులు నీవి, హల్లులు నావి. పెన్ను వద్దు. పెంకు తాగేస్తుంది, సిరా లోపలికి పోతుంది. పెంకుకి రంధ్రాలుంటాయని, గుడ్డు ఊపిరి పీలుస్తుందని టీచరమ్మకు చెప్పింది సైన్సు మాస్టారు కాదు, అక్క. అందుకే గుడ్డు కడగనిచ్చేది కాదు. మట్టి అంటితే పొడిగుడ్డతో దులిపేది, మరీ మురికైతే కూరకిచ్చేసేది. పుట్టేటప్పుడే దానికో పూత ఉంటుందే, నీళ్ళతో కడిగితే పోతుంది, నువ్వు పౌడరు రాసుకుని వానలోకి వెళతావా?

ఫ్యాను తిరుగుతోంది. బల్బు ఆరింది. కాసేపటికి వెలిగింది. ముప్పై ఏడున్నర. మన ఒంటికన్నా అర డిగ్రీ ఎక్కువ, అంతేనే, మనం ఒళ్ళో పెట్టుకుని పొదగలేకపోతున్నామంటే ఆ అర డిగ్రీ లేకే, అని నవ్వేది. నవ్వినప్పుడు భుజం మీది కొలతపట్టీ జారేది. గదిలో ఇంకా మిషను నూనె వాసన ఉంది. కొత్తగుడ్డ వాసన మాత్రం తగ్గిపోయింది. ఎవరిచ్చిన బట్టలు వాళ్ళు తీసుకెళ్ళిపోయారు, కుట్టినవీ, కుట్టనివీ. బల్ల కింద, ఉత్తరపు గోడ మూలన, ఇంట్లోకెల్లా చల్లగా ఉండే చోట తడిగోనె ఒకటి తెరలా కట్టి ఉండేది, దాని వెనక గుడ్ల పళ్ళెం. ఫ్రిజ్జులో పెడదామక్కా అంటే, వద్దు, చచ్చిపోతుంది అనేది. పోనీ వంటింట్లో పెడదామంటే, వద్దు, సగం మేలుకుంటుంది, సగం మేలుకున్నది ఎప్పటికీ పిల్ల కాదు. గుడ్డు నిద్రపోవాలి, అది చావకూడదు, లేవకూడదు, మనం లేపినప్పుడే లేవాలి, అదీ వారం రోజుల్లోపు, మహా అయితే పది. నాలుగు రోజుల గుడ్లన్నీ ఒకేసారి లేపితే అన్నీ ఒకేరోజు పుడతాయి, ఎంత మర్యాద చూడు వాటికి. మొద్దువైపు పైకి, మొనవైపు కిందకి. మొద్దువైపు గాలిగది ఉంటుంది, తలకిందులు చేస్తే పిల్ల ఊపిరికి ఎటు తిరగాలో తెలీక తికమకపడుతుంది. ఇవన్నీ ఎవరు నేర్పారు ఆమెకు? ఎవరూ నేర్పలేదు. పోయిన ప్రతి గుడ్డునూ పగలగొట్టి, ముక్కు మూసుకుని, లోపల ఎంతవరకు తయారైందో చూసేది. తప్పు కుట్టిన బట్టను విప్పి చూసినట్టే చూసేది. నా తప్పు ఎక్కడుందో అందులోనే ఉంటుంది కదా అనేది. టీచరమ్మ ఎన్నో వేల జవాబుపత్రాలు దిద్దింది. ఎర్రగీత కొట్టడమే తప్ప ఒక్కదాన్నీ అలా విప్పి చూసిన గుర్తు లేదు.

పళ్ళెం కింద పెట్టిన నిఘంటువు మాట తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. రెండేళ్ళ కిందట టీచరమ్మ పెద్ద నిఘంటువు మాయమైంది. బళ్ళో అందరినీ అడిగింది, ఒక సహోద్యోగిని అనుమానించి ఆమెతో మాట్లాడడం కూడా తగ్గించింది. తీరా చూస్తే అది అక్క గుడ్ల పళ్ళెం కింద ఉంది. పొద్దున ఎడమ అంచు కింద, సాయంత్రం కుడి అంచు కింద. ఒక్కొక్క గుడ్డునూ తిప్పే పని లేకుండా పళ్ళెం మొత్తం ఒకసారి అటు ఒకసారి ఇటు వాలుతుంది. "ఒసేయ్ పంతులమ్మా, ఇన్నేళ్ళకి నీ పుస్తకం ఒక పనికొచ్చింది, సంతోషించక ఏడుస్తావేం? సరిగ్గా నాలుగు వేళ్ళ మందం ఉంది. ఇటుక పెడితే ఐదు వేళ్ళవుతోంది, గుడ్లు దొర్లుతున్నాయి." ఆ నాలుగు వేళ్ళ మందం ముందు ఏ అర్థమూ నిలబడదనిపించి నిఘంటువు అక్కడే వదిలేసింది. శనివారం నాడు కళ్ళజోడు కోసం వంగినప్పుడు ముందు కనిపించింది అదే, తర్వాత గుడ్లు. ఒక్కొక్క గుడ్డు మీదా తేదీ, ఆఖరివి రెండు బుధవారానివి. ఆ పొద్దున కూడా గూట్లోకి వంగి, వెచ్చటి గుడ్లు తీసి, చెవి దగ్గర ఒకదానికొకటి సుతారంగా తాకించి, సన్నటి బీటకైనా చప్పుడు మారుతుందిగా, ఆ చప్పుడు విని, పెన్సిలు పెట్టి తేదీ వేసి, ఆ తర్వాతే కత్తెర పట్టుకుంది. సోమవారం పెట్టెలో పెడదామే అంది ఫోన్లో. కాబట్టి సోమవారమే పెట్టింది టీచరమ్మ. మూడు రోజులు ఎవరూ తిప్పి ఉండరని తెలిసే పెట్టింది. పొద్దున చల్లటి మూలలోంచి తీసి గదిలో ఉంచి, చెమట పట్టకుండా మెల్లగా గది వేడికి రానిచ్చి, సాయంత్రం పెట్టింది. అక్క ఎలా చేసేదో అలాగే చేసింది. ఏడో రోజున అక్క వాడే దారపు కండె, దారమంతా అయిపోయిన అట్ట కండె, టార్చి మొహానికి తొడిగి గుడ్డు మొద్దువైపు ఆనించి చూసింది. కండె అంచు గుడ్డుకి ఎంత అతికినట్టు సరిపోయిందంటే, గుడ్డుని చూసే కండెని తయారుచేశారేమో అనిపించింది. తొమ్మిదింటిలో ఎర్రటి నరాలు, సన్నగా, కొసలకు పోయేకొద్దీ మరీ సన్నగా, మధ్యలో కదిలే చుక్క. రెండింటిలో ఏమీ లేదు. ఖాళీగా, పచ్చగా, దీపం పెట్టిన గదిలా. ఆ రెండూ తీసి పక్కన పెట్టింది.

పెరట్లో బావ దగ్గాడు. గడియారంలో మూడూ ఇరవై. ఒక్కసారి మూత తీసి, ఒక్క క్షణం, చెవి పెట్టి వింటే? చెయ్యి లేచింది. వద్దు. పోయినేడు ఇదే పీట మీద, ఇదే పెట్టె ముందు, ఒక పిల్ల పెంకు చుట్టూ సగం దాకా పొడిచి ఆగిపోయింది. అక్క బట్టలివ్వడానికి వెళ్ళింది. గంటసేపు చూసి చూసి, పాపం అలిసిపోయింది కదా అని, టీచరమ్మ మూత తీసి గోటితో పెంకు వలిచింది. సాయమే అనుకుంది. వలిచిన చోట పొర ఎండి, పిల్ల ఒంటికి పట్టీలా బిగుసుకుంది, కదల్లేక ఆ సాయంత్రానికి పోయింది. మూత తీసిన ఆ కాసేపటికే పక్కనున్న ఇంకో రెండు కూడా లోపలే ఆగిపోయాయి. అక్క వచ్చి చూసింది. ఒక్క మాట తిట్టలేదు. చేతులు కడుక్కుని వచ్చి కూర్చుని అడిగింది: "బళ్ళో కూడా ఇంతేనా నువ్వు? పిల్లాడు మాట కోసం వెతుక్కుంటుంటే నువ్వే అందించేస్తావా?" అవును, అందించేస్తుంది. ఇరవై ఆరేళ్ళుగా అందిస్తూనే ఉంది. "అది ఆగింది అలిసిపోయి కాదే. పచ్చసొనంతా కడుపులోకి లాక్కుంటోంది. దారిలో తినడానికి మూట కట్టుకుంటోందన్నమాట. ఆ మూటతో బయటికొచ్చాక ఒక రోజంతా నీ మేత అక్కర్లేదు దానికి. నువ్వు తొందరపడి తలుపు తీశావు, మూట సర్దుకోకముందే." మర్నాటి నుంచి బళ్ళో టీచరమ్మ ఒక పని నేర్చుకుంది. పిల్లలు తడబడితే, లోపల ఇరవై దాకా లెక్కపెట్టుకుంటూ నోరు మూసుకుని నిలబడడం. పద్నాలుగు దగ్గరో, పదిహేడు దగ్గరో మాట వచ్చేది. వాళ్ళదే మాట, తను అందించేదానికన్నా మంచి మాట ఒక్కోసారి. శిక్షణా తరగతుల్లో ఎవరూ చెప్పని ఈ సంగతి ఒక దర్జీ చెప్పింది.

మొన్న గురువారం తిప్పడం ఆపింది. పద్దెనిమిదో రోజు నుంచి తిప్పకూడదు, పిల్ల లోపల తల సర్దుకుని పొడిచే చోటు చూసుకుంటుంది. పదో రోజున కరెంటు పోయింది, రెండు గంటలు. బావ పని మధ్యలో వదిలి సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు, ఇద్దరూ కలిసి వేడినీళ్ళ సీసాలు లోపల పెట్టి పెట్టెకి దుప్పటి చుట్టారు. జ్వరమొచ్చిన మనిషికి చుట్టినట్టు చుడుతున్నాం అన్నాడు బావ. ఆ రెండు గంటల్లో పోయాయేమో. లేక అంతకుముందే, ఎవరూ తిప్పని ఆ మూడు రోజుల్లోనే పోయాయేమో. కానీ నరాలు కనిపించాయి కదా. తర్వాత పోయి ఉండొచ్చు. మూడు నలభై. ఇరవై ఒకటో రోజు. కళ్ళు పెట్టె మీంచి తీసి గోడ మీద పెట్టింది. గోడకి మేకు, మేకుకి దారం, దారానికి అక్క కొలత కాగితాలు వేలాడుతున్నాయి. పాత క్యాలెండరు కాగితాలు కత్తిరించి చేసినవి. ఇది చొక్కా వీపు, ఇది కాలరు, ఇది చెయ్యి. చెయ్యి ముక్క మీద తేదీల గళ్ళున్నాయి, ఏ నెలో ఏమో, గళ్ళలో పెన్సిలు అంకెలు. అక్క అంకెలు, ఏడు మెడ వంచినట్టుంటుంది, నాలుగు కుర్చీలా ఉంటుంది. ఒక మంగళవారం గడిలో సున్నా చుట్టి ఉంది. బుధవారం ఒకటి. గురువారం రెండు.

సున్నా.

"సున్నా రోజు అని ఎక్కడైనా ఉంటుందా అక్కా? తేదీల్లో సున్నా ఉందా? మొదటి రోజు అంటాం, సున్నో రోజు అంటామా? అసలు ఆ మాటే తప్పు" అని వాదించింది తనే, ఏ ఏడో, ఇదే గదిలో. అక్క మిషను తొక్కుతూనే, "పుట్టిన రోజునే పిల్లకి ఏడాది నిండిందంటావా? పెట్టిన రోజు సున్నానే. రోజు అయ్యాకే రోజు" అంది. టీచరమ్మ ఒప్పుకోలేదు. భాష ప్రకారం తనదే ఒప్పు. ఇప్పుడు కూడా భాష ప్రకారం తనదే ఒప్పు. అందుకే తన క్యాలెండర్లో సోమవారం గడిలో ఒకటి వేసింది. అక్క పోయిన రోజుకి కూడా, కర్మల రోజులు లెక్కపెట్టడానికి, ఒకటే వేసింది, ఆ లెక్క వేరే, ఆ అలవాటే చేతికి పట్టుకుంది. సోమవారం ఒకటి అయితే ఇవాళ ఇరవై ఒకటి. సోమవారం సున్నా అయితే ఇవాళ ఇరవై. వేళ్ళ మీద లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవై కూడా ఇంకా నిండలేదు, సాయంత్రానికి నిండుతుంది. ఒకరోజు ముందే తిప్పడం ఆపింది, దానివల్ల ఏమవుతుందో? ఏమీ కాదు, అటూ ఇటూ ఒక రోజుకి ఏమీ కాదని అక్కే ఎప్పుడో అంది. పీట మీంచి లేచింది.

బావ అప్పటికే గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో పార ఉంది.

"నాలుగు కాలేదు ఇంకా."

"ఐదు నిమిషాలేగా."

"బావా, నేను ఒక రోజు ఎక్కువ లెక్కపెట్టాను. ఇవాళ ఇరవయ్యే. పెట్టిన రోజు లెక్కలోకి రాదు. అక్క సున్నా వేసేది, నేను ఒకటి వేశాను."

ఆయన పార కిందికి దించాడు.

"టీచరువి కదా నువ్వు?"

"తెలుగు టీచర్ని."

"పరీక్ష పేపర్లు కూడా ఇలాగే కూడతావా? పిల్లలంతా ఒక్కో మార్కు ఎక్కువతో పాసయిపోతున్నారన్నమాట."

"కూడికలకి లెక్కల మాస్టారి సాయం తీసుకుంటాను."

ఆయన నవ్వాడు. నవ్వు సగంలో ఎటో పోయింది, అయినా నవ్వే. మూడు వారాల మీద నాలుగు రోజులు, ఈ ఇంట్లో నవ్వు వినపడి. ఆయన పార గుమ్మానికి ఆనించి, లోపలికొచ్చి, అక్క కుర్చీ లాక్కుని దాని అంచు మీద కూర్చున్నాడు.

"రేపటిదాకా ఉంచినా ఆశ పెట్టుకోకండి బావా" అంది టీచరమ్మ. "ఆ మూడు రోజులూ పళ్ళెం ఎవరూ తిప్పలేదు. బుధవారం నుంచి నేను చూసేదాకా."

"నేను తిప్పాను."

"మీరా?"

"నీ పుస్తకం. పొద్దున ఎడమకి, సాయంత్రం కుడికి." ఆయన పెట్టె వైపే చూస్తూ చెప్పాడు. "ఆసుపత్రి నుంచి వచ్చాక ఏం చెయ్యాలో తోచలేదు. ఇంటినిండా జనం. ఈ గదిలోకి వచ్చాను. ఆ వేళకి మీ అక్క ఇక్కడ వంగుని ఉండేది కదా రోజూ. నేనూ వంగున్నాను. పుస్తకం మార్చాను. ఇంకేం చేతకాలేదు నాకు. గూటి గడియ మాత్రం గుర్తు రాలేదు చూడు."

టీచరమ్మ ఏదో అనబోయింది. గొంతులోంచి మాట ఒకటి అందించబోయి, ఆగి, లోపల లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. ఫ్యాను తిరుగుతోంది. బల్బు ఆరింది. ఎంత పద్ధతిగా బతికింది అక్క! తను లేని మూడు రోజులు కూడా తన పని ఆగకుండా, ఏమీ తెలియని మనిషి చేతికి సైతం ఒక పుస్తకాన్ని అటునుంచి ఇటు మార్చేంత పని మిగిల్చి వెళ్ళింది. అదేమీ ఆమె అనుకుని చేసింది కాదు. రోజూ అదే వేళకి అదే చోట వంగడమే చేసింది. తొమ్మిది, పది, పదకొండు. పన్నెండు దగ్గర పెట్టెలోంచి చప్పుడు వచ్చింది. ఫ్యాను చప్పుడు కాదు. గోటితో పింగాణీని తట్టినట్టు, ఆగి, మళ్ళీ. తర్వాత కీచుమని, పెంకు లోపలి నుంచి కాబట్టి చాలా దూరం నుంచి వచ్చినట్టు, ఒక గొంతు.

బావ చటుక్కున లేచాడు. టీచరమ్మ చెయ్యి అడ్డం పెట్టేలోపే ఆయన చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

"నేను ముట్టుకోను తల్లీ, నువ్వే జాగ్రత్త. పోయినేడు తీసింది నువ్వు."

"తీయను."

"రేపటిదాకా?"

"ఎల్లుండిదాకా అయినా."

ఇద్దరూ వంగి అద్దంలోకి చూశారు. తేమలోంచి ఏమీ తెలియలేదు, తెల్లటి గుండ్రటి మసకలు తొమ్మిది. వాటిలో ఒకటి కదిలింది, లేదా కదిలిందనుకున్నారు. ఇంకో మూలనుంచి రెండో గొంతు, మొదటిదానికి బదులు చెబుతున్నట్టు, కాస్త కోపంగా. మీ అక్క గొంతే అన్నాడు బావ. టీచరమ్మకు నవ్వొచ్చింది, నవ్వుతో పాటు ఇన్నాళ్ళూ రానిది కూడా వచ్చింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది.

"బయటికొచ్చాక వీటిని ఎక్కడ పెట్టేది మీ అక్క?" అని అడిగాడు బావ.

అట్టపెట్టె కావాలి, అడుగున రంపపు పొట్టు పోయాలి, పైన ఒక బల్బు వేలాడగట్టాలి, మునిగిపోకుండా లోతు తక్కువ నీళ్ళపళ్ళెం పెట్టాలి, సన్నటి నూక కావాలి. అన్నీ తెలుసు టీచరమ్మకు. ఇరవై ఒక్క రోజుల దాకా ప్రతి పూటా ఏం చేయాలో కాగితం మీద రాసుకుంది, ఒక్కటీ తప్పకుండా చేసింది. ఆ తర్వాత ఒక రోజు ఉంటుందని తను కూడా నమ్మలేదేమో, దానికి ఏమీ రాసుకోలేదు. అట్టపెట్టె తేలేదు, పొట్టు తేలేదు, నూక కొనలేదు.